చిత్తం అన్నందుకు

పోయిన వారం మన జయంతిని వసుమతి గారి హాల్లో, చేతిలో కాఫీ ట్రేతో నిలబెట్టి వదిలేశాం. పాపం, ఏడు రోజులుగా అలాగే నిలబడి ఉంది. ముందు ఆ ట్రే దింపిద్దాం.

కొత్తగా చేరినవాళ్ళకి నాలుగు ముక్కలు. జయంతికి ఇరవై ఎనిమిదేళ్ళు. మిషిగన్‌లో ట్రాయ్ అనే ఊళ్ళో ఓ ఆస్పత్రి ల్యాబ్‌లో పనిచేస్తుంది. తల్లి కామేశ్వరితో కలిసి రెండు గదుల అపార్ట్‌మెంట్‌లో ఉంటుంది. గోపాల్ కార్ల కంపెనీలో ఇంజనీరు. ఇద్దరూ ఇష్టపడ్డారు. డిసెంబర్‌లో పిట్స్‌బర్గ్ గుళ్ళో పెళ్ళి. గోపాల్‌కి తల్లీ తండ్రీ అన్నీ అక్కగారే, ఆ అక్కగారే వసుమతి. గుండె డాక్టర్ యోగానంద్ గారి భార్య, పాలగిరి దివాణం ఆడపడుచు. ఎస్టేట్లు పోయి ముప్ఫై ఏళ్ళు దాటింది. ఇది ఎనభై రెండో సంవత్సరం, దేశం అమెరికా. అయినా ఎవరైనా "పాలగిరి" అన్నారంటే ఆవిడ వెన్ను రెండంగుళాలు నిటారవుతుంది. మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్నారట వెనకటికెవరో. ఆ బాపతు.

ఆ ఆదివారం వసుమతి ఇంట్లో పదిమంది దాకా చేరారు, కాబోయే మరదల్ని చూడటానికి. కామేశ్వరి రాలేదు; ఆవిడా వసుమతీ ఇంకా ఒకరినొకరు చూడనే లేదు. మాటల మధ్యలో ఆవిడ సోఫాలోంచి, "అమ్మాయ్, ఆ కాఫీలు ఇటు పట్రా" అంది. జయంతి "చిత్తం" అంది.

అందరూ గొల్లున నవ్వారు. పిల్ల భలే జోకేసిందే అనుకున్నారు. కానీ నవ్వుతూ అనే చిత్తం వేరు. జయంతి తల వంచి, అరడుగు వెనక్కి వేసి మరీ అంది. ఆ అరడుగు ఎవరూ చూడలేదు, వసుమతి చూసింది. అలాంటి అడుగులు చూస్తూ పెరిగిన మనిషి కదా మరి. "నీకా మాట ఎక్కడిదమ్మాయ్?" అని అడిగింది. అక్కడ ఆపాం.

"మా అమ్మ దగ్గర్నుంచి వచ్చిందండీ" అంది జయంతి. అబద్ధం కాదు. వసుమతి ఇంకేం అడగలేదు. కాఫీ తీసుకుంది, పంచదార చాలిందా అని పక్కావిడని అడిగింది, అందరినీ గుమ్మందాకా సాగనంపింది. మర్నాడు మాత్రం ఇండియాకి ఫోను చేసి చిన్నత్తగారితో పావుగంట మాట్లాడింది. ఆ చిన్నత్తగారి పుట్టిల్లు సోమవరం దివాణం. అంతే, తీగ లాగితే డొంకంతా కదిలింది.

ఇక ఈ వారం సంగతి.

శనివారం పొద్దున్న పది గంటలవుతుంది. కామేశ్వరి బట్టల బుట్ట చంకన పెట్టుకుని కింద బేస్‌మెంట్‌లో ఉన్న వాషింగ్ మెషిన్ల దగ్గరికి దిగింది. ఆవిడకి ఆ మెషిన్ మీద ఇంకా నమ్మకం కుదర్లేదు. అది ఆగేదాకా పక్కనే కుర్చీ వేసుకుని కాపలా కూర్చుంటుంది. జయంతి తల దువ్వుకుంటోంది. గోపాల్ చికాగోలో కాన్ఫరెన్స్‌కి వెళ్ళాడు, రేపు సాయంత్రం గాని రాడు. తలుపు కొట్టిన చప్పుడైతే పక్కింటివాళ్ళనుకుని తీసింది.

ఎదురుగా వసుమతి. బూడిదరంగు కోటు, దాని కింద వెంకటగిరి చీర, చేతిలో పెద్ద తోలు సంచీ.

"రావచ్చా?" అంది.

"అయ్యో, రండి వదినగారూ!" జయంతి దువ్వెన ఎక్కడ పెట్టాలో తెలీక వెనక దాచుకుంది.

వసుమతి లోపలికొచ్చి గదంతా ఓసారి చూసింది. కిటికీ దగ్గర పాత కుర్చీ, దానిమీద కామేశ్వరి శాలువా. ఆ కుర్చీలో కాకుండా డైనింగ్ టేబుల్ దగ్గరున్న చెక్క కుర్చీలో కూర్చుంది. జయంతి కాఫీ పెట్టింది. ఆవిడ ఓ గుక్క తాగి కప్పు కింద పెట్టింది.

"బాగుంది" అంది. నిజంగానే అంది. ఆవిడకి ఎన్ని లోపాలున్నా, నచ్చని కాఫీని బాగుందనే అలవాటు లేదు.

"గోపాల్ ఊళ్ళో లేరు కదండీ, మీరొస్తున్నట్టు చెప్పలేదు."

"నేనూ నీకు చెప్పలేదుగా" అంది వసుమతి. "మీ అమ్మగారేరీ?"

"కింద లాండ్రీలో ఉంది. పిలవనా?"

"వద్దు. నీతోనే మాట్లాడాలి."

జయంతికి విషయం అర్థమైంది. ల్యాబ్‌లో పనిచేసే పిల్ల, రిపోర్టు రాకముందే కొన్ని తెలిసిపోతాయి.

"చల్లకొచ్చి ముంత దాచడమెందుకండీ" అంది. "అడగండి."

వసుమతి పెదాల మీద నవ్వులాంటిదొకటి వచ్చి పోయింది. "మీ అమ్మ సోమవరం దివాణంలో వంట చేసేదా?"

"చేసేదండీ. పద్దెనిమిదేళ్ళు."

"మీ నాన్న?"

"దివాణం కారు నడిపేవాడు. నాకు ఆరేళ్ళప్పుడు పోయాడు. వంటింటి వెనక గదిలో పెరిగాను. పెద్ద రాణీగారు నా చదువుకి సాయం చేశారు, ఆ మాట మీరు అడక్కపోయినా నేనే చెప్పాలి. ఇందులో దాచిందేం లేదు. గోపాల్‌కి పరిచయమైన మొదటి నెల్లోనే చెప్పాను."

చెప్పింది, నిజమే. అప్పుడు గోపాల్ "సో వాట్?" అన్నాడు. ఆ రెండు ముక్కలకే ఈ పిల్ల సగం కరిగిపోయింది. అక్కయ్యకి నేను చెప్తాలే అని కూడా అన్నాడు. చెప్పలేదని పోయిన ఆదివారం తెలిసిపోయింది కదా, మరి కోపం రాలేదా అంటే రాలేదు. పని ఒత్తిడిలో మర్చిపోయుంటాడు అనుకుంది. ప్రేమలో ఉన్నవాళ్ళతో ఇదే చిక్కు. అవతలివాళ్ళు చెప్పాల్సిన సాకులు కూడా వీళ్ళే కుట్టి, ఇస్త్రీ చేసి పెడతారు.

వసుమతి సంచీలోంచి ఓ కాగితం తీసి టేబుల్ మీద పెట్టింది. శుభలేఖ చిత్తు ప్రతి, టైపు చేసి ఉంది. పైన మంగళ శ్లోకం, కింద వాళ్ళ పేర్లు. పాలగిరి వైపు బిరుదులు రెండు పంక్తులు పట్టాయి. జయంతి వైపు ఒక్క పంక్తి. "సోమవరం దివాణం మేనేజర్ కీర్తిశేషులు భాస్కర్ రావు గారి ఏకైక పుత్రిక."

జయంతి రెండుసార్లు చదివింది.

"మా నాన్న మేనేజర్ కాదండీ."

"తెలుసు."

"మరి?"

"డెబ్భై మంది వస్తున్నారు" అంది వసుమతి. గొంతు పెంచలేదు, చేతులు ఒళ్ళో పెట్టుకుని చెప్పింది. "అందులో సగంమంది ఆ చుట్టుపక్కల దివాణాలవాళ్ళే. హ్యూస్టన్ నుంచి మా పెదనాన్నగారి పిల్లలు, న్యూజెర్సీ నుంచి రాధాకృష్ణ వాళ్ళు, ఇండియా నుంచి చిన్నత్తగారు. ఈ పంక్తి ఎవరూ పట్టించుకోరు. మేనేజర్లు ఎంతమంది మారారో ఎవరికి గుర్తు? కానీ చిన్నత్తగారు పుట్టింటికెళ్ళినప్పుడల్లా మీ అమ్మ చేతి వంట తిన్నది. మొహం చూస్తే గుర్తుపట్టేస్తుంది."

"గుర్తుపడితే?"

"అందుకే, ఆ రోజుకి మీ అమ్మ రాకపోతే బాగుంటుంది. ఎలాగూ కన్యాదానం నీ స్నేహితురాలు శశికళా, వాళ్ళాయనా చేస్తారనుకున్నాం కదా. జ్వరం వచ్చింది, ప్రయాణం చెయ్యలేకపోయింది అందాం. ఎవరూ తప్పుపట్టరు."

చూశారా, ఎంత నెమ్మదిగా చెప్పిందో! అరిచి ఉంటే జయంతి కూడా అరిచేది. తలుపు చూపించేది. ఆవిడ చక్కగా కూర్చుని, బాగున్న కాఫీ తాగుతూ, బస్సు టైములు చెప్పినట్టు చెప్పింది. అలా చెప్పినవాళ్ళతో పోట్లాడటం చాలా కష్టం.

జయంతి కాగితం మీద చెయ్యి పెట్టింది.

"ఆ ఒక్క పూటేనాండీ?"

"ఆ, ఒక్క పూటే."

"మరి గృహప్రవేశానికి?"

వసుమతి సంచీ మూత బిగించింది.

"సీమంతానికి? బారసాలకి? మీ చిన్నత్తగారు ఆర్నెల్లు ఇక్కడే ఉంటారని గోపాల్ చెప్పారు. దీపావళికి మీ ఇంటికి పిలిస్తే? మా అమ్మకి జీవితాంతం జ్వరమేనా వదినగారూ?"

ఆ మాట వసుమతికి తగిలింది. కప్పు చేతిలోకి తీసుకుని, ఖాళీ అని చూసి, మళ్ళీ పెట్టేసింది.

"నేను చెడ్డదాన్నని అనుకుంటున్నావు" అంది.

"అనుకోవట్లేదు. ఏమనుకోవాలో తెలియట్లేదు."

"మా వీధిలో ఆడవాళ్ళందరం నెలకోసారి చేరి ఓ పుస్తకం చదువుతాం, తెలుసుగా. పోయిన నెల ఓ పాత ఇంగ్లీషు నవల పెట్టారు. గుర్రబ్బళ్ళూ, బంగళాలూ, డాన్సులూ. అందులో ఓ ఎస్టేటు దొరసాని ఉంది. ఎవరు ఎవరిని చేసుకోవాలో, ఎవరింటికి ఎవరు రావచ్చో అన్నీ ఆవిడే చెప్తుంది. వీళ్ళందరూ పడీపడీ నవ్వారు. నేను నవ్వలేదు. అందరూ నా మొహం చూశారు. వసు, నీకు నవ్వు రాలేదా అని అడిగారు. వాళ్ళకి అది పుస్తకం గనక నవ్వొచ్చింది. నాకు ఆవిడ మా నాయనమ్మలాగుంది."

జయంతికి నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

"ఇంకోటి చెప్తా విను" అంది వసుమతి, గొంతు కాస్త తగ్గించి. "ఈ దేశం వచ్చిన కొత్తలో, ఇల్లు కొన్న వారం. వాక్యూమ్ క్లీనర్లు అమ్మేవాడొకడు తలుపు కొట్టాడు. నేనే తీశాను. ఇంటావిడ ఉంటే పిలుస్తావా అన్నాడు. నా ఇల్లు, నా గుమ్మం! పనిమనిషిననుకున్నాడు. లేదు, బయటికెళ్ళింది అని చెప్పి తలుపేసేశాను. మీ అన్నయ్యగారికి కూడా ఇవాళ్టిదాకా చెప్పలేదు."

"అయ్యో" అంది జయంతి. మనసులోంచే వచ్చింది ఆ అయ్యో.

"ఇక్కడ నేనెవరో ఎవరికీ తెలీదు, వాళ్ళకి అక్కర్లేదు కూడా. నేనెవరో తెలిసినవాళ్ళు ఆ డెబ్భై మందే. వాళ్ళ కళ్ళల్లో కూడా పడిపోతే నాకింకేం మిగిలింది, చెప్పు?"

జయంతి లేచి కిటికీ దగ్గరికెళ్ళింది. కింద పార్కింగ్‌లో వసుమతి పెద్ద కారు రెండు గీతల మధ్య సరిగ్గా నిలబడి ఉంది. అక్కడే నిలబడి, శాలువా మడతపెట్టి కుర్చీ చేతిమీద వేసింది.

"మిమ్మల్ని పనిమనిషనుకున్నందుకు మీకంత బాధగా ఉంది" అంది. "మా అమ్మ పనిమనిషే. ఆవిడకెంత ఉండాలి?"

వసుమతి మడతపెట్టిన ఆ శాలువా వైపు చూసింది.

"సోమవరంలో మా అమ్మ పొద్దున్న నాలుగింటికి లేచేదండీ. నన్ను పెంచి, చదివించి, ల్యాబ్ కోర్సు చేయించింది. నేనిక్కడికొచ్చి నాలుగేళ్ళకి పిలిపించుకున్నాను. ఇక్కడ కూడా ఊరుకోకుండా డ్రై క్లీనర్స్ షాపులో ప్యాంట్లు కుదించే పని చేస్తోంది. నాకు ఆవిడ తప్ప ఎవరూ లేరు. ఆవిడ లేకుండా నేను పీటల మీద కూర్చోను. మా నాన్న సంగతంటారా, ఈ ఊరు ఊరంతా కార్లు తయారుచేసి బతుకుతోంది. గోపాల్ కూడా అంతే. కార్లు చేసినవాళ్ళు పెద్దమనుషులూ, నడిపినవాడు పనికిరానివాడూనా? ఆ పంక్తిలో డ్రైవర్ అని రాయిస్తే రాయించండి, లేకపోతే ఉత్త పేరు వెయ్యండి. మేనేజర్ మాత్రం వద్దు. మా నాన్న ఒప్పుకోడు."

ఇంత పొడుగు మాట ఈ పిల్ల ఎప్పుడూ మాట్లాడలేదు. మాట్లాడాక మొహం ఎర్రబడింది. కానీ కళ్ళు దించలేదు, వెనక్కి అడుగూ వెయ్యలేదు.

వసుమతి ఆ పిల్లని చాలాసేపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. అంగట్లో చీర బేరమాడి, నాణ్యత చూశాక నోరు మూసుకున్నట్టుంది.

"బాగా మాట్లాడావు" అంది. "నీ చోట నేనుంటే ఇదే అనేదాన్ని."

"అయితే ఇక ఈ సంగతి వదిలేద్దాం. గోపాల్ రేపొస్తారు. మీరొచ్చారని, ఇలా అన్నారని నేను చెప్పను. మీ ఇద్దరి మధ్యా నా వల్ల మాట రాకూడదు. తెలిస్తే ఆయన ఊరుకోరు."

వసుమతి కోటు బొత్తాలు పెట్టుకోవడం మొదలుపెట్టింది. ఒకటి పెట్టి, రెండోది పట్టుకుని ఆగిపోయింది. ఏదో చెప్పాలా వద్దా అని చూస్తున్నట్టుంది.

"జయంతీ" అంది. ఆవిడ ఈ పిల్లని పేరు పెట్టి పిలవడం అదే మొదలు. "నేను నచ్చనిది మొహం మీదే చెప్తాను. చిన్నత్తగారితో మాట్లాడిన రోజే గోపాల్‌ని పిలిచి, ఈ సంబంధం వద్దురా అన్నాను. అది నా మాట, దాన్ని నేను దాచను. కానీ ఈ కాగితం నాది కాదు."

"అంటే?"

"గురువారం సాయంత్రం వచ్చాడు. టైపు చేసి తెచ్చాడు. మేనేజర్ అన్నది వాడి మాట. జ్వరం అన్నది వాడి మాట. నేను చెప్పలేనక్కయ్యా, నేను ఊళ్ళో లేనప్పుడు వెళ్ళి నువ్వు చెప్పు అన్నాడు. వాడికి నువ్వు కావాలి, మీ అమ్మ అక్కర్లేదు."

జయంతికి ముందు నవ్వొచ్చింది. నిజంగా నవ్వింది.

"కాదండీ. ఆయన అలా అనరు."

"సరే."

"మా అమ్మ చేసిన గుత్తొంకాయ కోసం ఆయన వారానికి రెండుసార్లు వస్తారు. అత్తయ్యా అని పిలుస్తారు. మీకీ పెళ్ళి ఇష్టం లేదు, అందుకని అంటున్నారు."

"ఇష్టం లేదు. ఆ మాట ఇప్పుడే చెప్పానుగా" అంది వసుమతి. రెండో బొత్తాం పెట్టుకుంది. "నన్ను నమ్మమనట్లేదు. వాణ్ణే అడుగు. కాఫీకి థాంక్స్."

తలుపు మెల్లగా దగ్గరికి వేసి వెళ్ళిపోయింది. మెట్ల మీద చెప్పుల చప్పుడు నెమ్మదిగా, ఒకే తీరుగా దిగిపోయింది.

జయంతి కుర్చీలో కూర్చుంది. అబద్ధం, అనుకుంది. తమ్ముణ్ణి అడ్డం పెట్టుకుని పెళ్ళి చెడగొట్టాలని చూస్తోంది, పెద్దింటివాళ్ళ ఎత్తులు ఇలాగే ఉంటాయి, అనుకుంది. గోపాల్‌ని అడగను కూడా అడగకూడదు, అడిగితే ఆయన్ని అవమానించినట్టే, అనుకుంది. ఇన్ని అనుకుంది గానీ ఆ కాగితం వైపు మాత్రం చూడలేదు.

తలుపు తోసుకుని కామేశ్వరి వచ్చింది. మొహం మీద చిరుచెమట, బుట్టలో వేడివేడి బట్టలు.

"ఏమే, కింద మెట్ల దగ్గర ఎవరో మన తెలుగావిడ కనపడింది" అంది ఆయాసపడుతూ. "నా చేతుల్లో బుట్ట చూసి తలుపు తీసి పట్టుకుంది. నేను లోపలికొచ్చేదాకా అలాగే నిలబడింది పాపం. మారాణిలా ఉంది మనిషి. ఎవరింటికొచ్చిందో! నువ్వేంటి, అలా ఉన్నావు?"

"ఏం లేదమ్మా."

"కాఫీ ఎవరు తాగారు?"

జయంతి జవాబు వెతుక్కునేలోగా వంటింటి గోడకున్న ఫోను మోగింది. కామేశ్వరి దగ్గర్లో ఉంది. బుట్ట స్టవ్ పక్కన దింపి, చేతులు కొంగుకి తుడుచుకుని, రిసీవర్ తీసి "హలో" అంది. వింటూ నిలబడింది. కనుబొమలు దగ్గరికొచ్చాయి.

రిసీవర్‌ని అరచేత్తో మూసి కూతురి వైపు తిరిగింది.

"గోపాల్ బాబే, చికాగో నుంచి. నా గొంతు నీదనుకున్నారు కాబోలు. అక్కయ్య వచ్చి వెళ్ళిందా, మీ అమ్మ పక్కన లేదుగా, అని అడుగుతున్నారు" అంది. "ఏం చెప్పనే? ఉన్నాననా, లేననా?"